తాతయ్యను నాతో ఉండమని అడిగిన రోజు

నా చిన్నప్పుడు మా తాతయ్య నాకు గోడ మీద ఫోటోగానే ఎక్కువ తెలుసు. ఊదారంగు అంగీ, మెడలో శిలువ. పల్లెల్లో సైకిల్ మీద తిరిగే పాస్టరు అయ్యగారిగా మొదలై బిషప్ అయిన మనిషి. కలరా వచ్చిన ఊళ్లో అందరూ పారిపోతే ఆయనొక్కరే ఉండి చనిపోయినవాళ్లను పూడ్చారని బయటివాళ్లు చెబితే విన్నాను. పండుగకు మేం వెళ్లినా, అందరి పిల్లల తలల మీద పెట్టినట్టే నా తల మీదా చెయ్యి పెట్టి ముందుకు సాగిపోయేవారు.

పందొమ్మిది వందల తొంభైల్లో ఆయన రిటైరై హైదరాబాద్ పాతబస్తీలో ఛత్రినాకలోని మా చిన్న ఇంటికి వచ్చేశారు. ఇక తాతయ్య నావాడే అనుకున్నాను. కానీ పొద్దున లేస్తే జనమే. ఒకరికి దీవెన, ఇంకొకరికి సలహా. వాళ్లనైనా ఓర్చుకున్నాను గాని, పక్కింటి ఆటో అన్న కూతుర్ని ఓర్చుకోలేకపోయాను. నా ఈడుదే. చదివేటప్పుడు నత్తి వచ్చేది. తాతయ్య రోజూ తన కుర్చీ పక్కన స్టూలు వేసి దానితో గట్టిగా చదివించేవారు. ఒక్క మాట సాఫీగా వస్తే "శభాష్ బిడ్డా" అని భుజం తట్టేవారు. నేను తప్పు లేకుండా పాఠమంతా చదివినా నన్ను తట్టినవాళ్లు లేరు. పైగా అది కూడా ఆయన్ని "తాతా" అనేది. నాకున్న ఆ ఒక్క పిలుపూ దానికి పోయిందని కడుపు మండిపోయేది.

ఒక వేసవిలో తాతయ్య, నయాపూల్ వంతెన అవతల తాను అయ్యగారిగా అభిషేకం పొందిన పాత చర్చి చూపిస్తానన్నారు. కొత్త గౌను వేసుకుని చెప్పులు తొడుక్కుంటుంటే, ఆ పిల్ల గోడ మీంచి తొంగిచూసి "నేను గూడ వస్తా తాతా" అంది. "రా బిడ్డా, దానికేముంది" అన్నారాయన. నేను చెప్పులు విసిరేసి మిద్దె మెట్ల మీదికి పోయి కూర్చున్నాను. అమ్మ తిట్టినా కదల్లేదు.

తాతయ్య మోకాళ్లు పట్టుకుని మెల్లగా ఎక్కి వచ్చి నా కింది మెట్టు మీద కూర్చున్నారు. బుద్ధులు చెబుతారనుకున్నాను.

"మీ నాయనకు చిన్నప్పుడు మస్తు జ్వరమొచ్చింది" అని మొదలుపెట్టారు. "నా అంగీ పట్టుకొని, ఇయ్యాల పోకు బాపూ అన్నడు. అవతలి ఊర్ల కొత్త చర్చి తెరుస్తున్నరు, జనం ఎదురుచూస్తున్నరని పోయిన. వచ్చేసరికి జ్వరం తగ్గింది. అప్పటి సంది నన్ను ఉండమని ఎన్నడు అడగలే. పిల్లగాడు నా పని అర్థం చేసుకున్నడని సంబరపడ్డ. వాడు అడుగుడే బంద్ పెట్టిండని మీ నాయనమ్మ చెప్తే గాని నాకు సమజ్ కాలే."

నా వైపు తిరిగి అన్నారు: "నా కండ్లు జనాన్ని చూసుడే నేర్చినయి బిడ్డా, ఇంట్లోళ్లను చూసుడు రాలే. మూతి ముడుచుకుంటే నాకు తెల్వది. నీకేం గావాల్నో అడుగు."

ఏడుపొచ్చింది. "ఇయ్యాల నాతోనే ఉండు. ఇంకెవ్వరు వద్దు" అన్నాను.

ఆయన లేచి గోడ దగ్గరికి వెళ్లి, "ఇయ్యాల నా మనవరాలితోని పోతున్న, నిన్ను రేపు తీస్కపోత" అన్నారు. ఆ పిల్ల "సరే తాతా" అని లోపలికి పోయింది. ఇన్నాళ్లూ నన్ను కాల్చిన సంగతి అంత సులువుగా తీరిపోయింది. దారిలో దీవెన కోసం ఎదురైన దంపతులను కూడా రేపు రమ్మన్నారు. బస్సులో నా చెయ్యి వదల్లేదు.

సాయంత్రం ఇంటికొచ్చి తాతయ్య ముందే నాన్నకు అన్నీ చెప్పేశాను, జ్వరం సంగతితో సహా. నాన్న ముఖం మారిపోయింది. చాయ్ గ్లాసు పక్కన పెట్టి, తలెత్తకుండా అన్నారు: "బాపూ, రెండో శనివారం నాకు సెలవు. ఆ రోజు ఎవ్వర్ని రమ్మనకు."

తాతయ్య తలూపారు. ఆ శనివారం వాళ్లిద్దరూ బయటికి వెళ్లారు, నన్ను కూడా పిలవకుండా. నాకు కుళ్లు పుట్టలేదని చెప్పను.

ఇప్పుడు నా జుట్టు నెరుస్తోంది. ఆ కుళ్లు పూర్తిగా పోలేదు. నా కూతురు ఫోన్‌లో స్నేహితులతో పగలబడి నవ్వుతుంటే లోపల అదే మంట. అప్పుడు వెళ్లి పక్కన కూర్చుని, కాసేపు నాతో ఉండవా అని అడుగుతాను. ఒక్కోసారి కుదరదంటుంది. అయినా నేను అడగడం మానలేదు.