నాలుగో పంక్తిలో తప్పు

నిండు సభలో ఒక్కసారి తలూపిన సంగతి నేను మొన్నటిదాకా నా నోటితో ఎవరికీ చెప్పలేదు. పోయిన నెల జమ్మలమడుగు కాలేజీ వాళ్లు ఫోన్ చేసి, మా పెద్దమ్మ కూతురైన అక్క పదవీ విరమణకు అభినందన పత్రం రాసిమ్మన్నప్పుడు, అందరూ రాసే మాటలే రాయబోతే చెయ్యి ఆడలేదు.

గొర్రెలు మేపుకునే మా ఇళ్లలో లెక్కల్లో ఎమ్మెస్సీ చదివిన మొదటి ఆడమనిషి మా అక్క. పులివెందులలో పాఠాలు చెప్పుకుంటూనే, పొయ్యి మీద ఎసరు కాగేలోపల వంటింట్లో పలక పట్టుకుని, ఒక అనంత శ్రేణి సూత్రానికి రెండేళ్లు కష్టపడి తనదైన రుజువు కట్టింది. నేనప్పుడు ప్రొద్దుటూరులో కొత్త లెక్చరర్ని. అక్కడ జరిగే లెక్కల అధ్యాపకుల సభలో ఆమె దాన్ని వివరిస్తే, పెద్ద ప్రొఫెసరు మెచ్చి పరిశోధనకు సీటు ఇస్తాడని మా ఆశ. ఆ రోజు ముద్దనూరు దగ్గర ఆమె ఎక్కిన బస్సు చెడిపోయింది. వంతు దాటిపోతుందని, ఆమె ముందే పంపిన కాగితాలు చూసి నేనే బోర్డు మీద రాశాను.

"బాగుందప్పా, నువ్వే చేసినావా?" అన్నాడు ప్రొఫెసరు. తలూపాను.

ఆ సభ వాళ్లు వేసిన సంచికలో రుజువు నా పేరు మీదే అచ్చయింది, సీటూ నాకే వచ్చింది. సభ ముగిశాక చెమటలు కక్కుతూ వచ్చిన అక్క సంగతి విని, "పోనీలేబ్బీ, లెక్క నిలబడింది గదా" అని, మళ్లీ ఆ ఊసెత్తలేదు. తర్వాత జమ్మలమడుగుకు మారి, అక్కడే ఇంటర్ పిల్లలకు చెప్పుకుంటూ ఉండిపోయింది. నేను పేరుకు డాక్టరునయ్యాను గానీ, నాదంటూ ఒక్క రుజువూ కట్టలేదు.

పోయిన వారం ఆ సంచిక తీసుకుని వాళ్లింటికి పోయాను. నేను నోరు తెరిచేలోపలే అద్దాలు సవరించుకుని పేజీ తిప్పింది.

"ఈడ నాలుగో పంక్తిలో కూడిక ఉండాల్సిన చోట తీసివేత పడిందిరా. చూసినప్పుడల్లా కండ్లల్లో గుచ్చుకుంటాంది. నీ పేరు మీద ఉండేదాన్ని నేనెట్ల దిద్దేది?"

ఇన్నేళ్లు దాన్ని నాదని చెప్పుకున్న నాకు ఆ తప్పు కనపడనే లేదు.

ఇప్పుడు మా తరగతుల్లో ముందు బెంచీలన్నీ ఆడపిల్లలవే. వాళ్లను చూస్తే, అక్కకు దక్కని సీటు గుర్తొచ్చి, సంతోషం కన్నా అలసటే ఎక్కువ కలుగుతుంది. మొన్న అక్క పదవీ విరమణ సభలో అభినందన పత్రం చదవలేదు. బోర్డు మీద ముందు ఆమె పేరు రాసి, కింద రుజువంతా రాసి, నాలుగో పంక్తిలో గుర్తు దిద్దాను. ముందు వరసలో అక్క ఆ పంక్తి వైపే చూస్తూ ఉంది.

"ఇది మా అక్క చేసింది. ఆ పొద్దు నేను తలూపి దొంగిలించినాను. తప్పయిందక్కా" అన్నాను.