దినారు రెండొందల యాభై అయ్యేదాకా

కువైట్ దినారుకు మన రూపాయలెన్ని వచ్చేవో పదిహేనేళ్ళ లెక్క ఇప్పుడు ఫోనులో ఒక్క గీతగా కనబడుతుంది. వేలు ఆనిస్తే ఏ రోజు ధర ఆ రోజు చెప్తుంది. గీత ఒకచోట నిటారుగా లేచి, కొన్ని వారాల్లోనే జారిపోతుంది. రూపాయి కుప్పకూలిన ఆగస్టు నెల అది. నా వేలు ఎప్పుడూ అక్కడికే పోతుంది. పోయినప్పుడల్లా నా నోటిని నేనే తిట్టుకుంటాను.

అప్పుడు నేను అనంతపురంలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో కామర్స్ చెప్పేదాన్ని. మా చెల్లెలు కువైట్‌లో ఒకరింట్లో వంటపని చేసేది. మొగుడు చచ్చిపోయినాక ఆరేళ్ళ కూతుర్ని నా దగ్గర వదిలి పోయింది. దానికి ఉన్నది ఒకటే కోరిక. రాప్తాడులో రోడ్డు పక్కన కాస్త జాగా కొని, ముందు పిండిమిషను పెట్టి, వెనక రెండు గదులు వేసుకుని బిడ్డతో బతకాలని. సంపాదించిందంతా పెట్టె అడుగున దాచుకుని, ఎప్పుడు పంపాలో నన్నే అడిగేది.

అదొక్కతే కాదు. మా వీధిలో సగం ఇళ్ళ నుంచి ఎవరో ఒకరు గల్ఫ్‌లో ఉన్నవాళ్ళే. శుక్రవారం వస్తే ఆడవాళ్ళు మా గడప దగ్గర నిలబడి, "ఏమక్కా, దినారెంత? పంపమనాల్నా, ఆగమనాల్నా?" అనేవాళ్ళు. నేను పేపర్లో బిజినెస్ పేజీ మడిచి పట్టుకుని, డాక్టరు మందు చీటీ రాసినట్టు, నువ్వు పంపమను, నువ్వు ఆగమను అని చెప్పేదాన్ని. రెండు మూడుసార్లు నా మాట నిజమైంది. నన్ను చెడగొట్టింది అదే.

జాగా ఒక ముసలి టైలరుది. కొడుకు దగ్గరికి హిందూపురం పోతూ అమ్మేస్తానన్నాడు. బేరం నేనే చేశాను. గంటసేపు వాదించినాక, "అమ్మా, నీతో మాట్లాడేదానికంటే జాగా ఊరికే రాసిచ్చేది మేలు" అని నవ్వి, నేను చెప్పిన ధరకే ఒప్పుకున్నాడు. నెలాఖరుకు మాత్రం దుడ్లు చేతిలో పడాలన్నాడు.

ఆ శుక్రవారం చెల్లెలు, డబ్బు పంపే కౌంటరు దగ్గర్నించే ఫోన్ చేసింది.

"అక్కా, బోర్డు మీద దగ్గర దగ్గర రెండొందల నలభై ఉండాది. పంపేదా?"

ఆ ఎండాకాలంలో దినారు రెండు వందలు కూడా లేదు. ఏ తెలివిగలదైనా పంపేయమనేది.

"తొందరేమే నీకు? రూపాయి ఇంకా పడతాది. రెండొందల యాభై కానీ. ఆ తేడాలో మిషను మోటారు ఊరికే వస్తాది."

"ఆ టైలరు తాత ఆగుతాడా?"

"ఆయన్ను నేను చూసుకుంటా. కామర్స్ నువ్వు చదివినావా, నేను చదివినానా?"

కౌంటరు దగ్గరి జనం గోలలో దాని మాట సన్నగా వినబడింది. "సరేక్కా" అనింది.

మరుసటి శుక్రవారం ధర తగ్గింది. ఆ పై శుక్రవారం ఇంకా తగ్గింది. అప్పుడైనా పంపమని ఉంటే సరిపోయేది. మోటారు సంగతి తర్వాత, జాగాకైతే నిక్షేపంగా చాలేది. కానీ రెండొందల నలభైకి వద్దన్న నోటితో రెండొందల ఇరవైకి పంపమని ఎట్లా చెప్పేది? "మళ్ళీ లేస్తాది, ఆగు" అన్నాను. లేస్తుందని నమ్మి కాదు. నా మాట తప్పిపోయిందని ఒప్పుకోలేక.

టైలరు రెండుసార్లు మా ఇంటికొచ్చాడు. మొదటిసారి, "ఏమప్పా, పదైదు దినాలకే కొంప మునిగిపోతుందా?" అని గొడవపడి గడువు తీసుకున్నాను. రెండోసారి ఆయన కూర్చోలేదు. జాగా లారీ టైర్లు అమ్మేవాళ్ళకు ఇచ్చేసినానని చెప్పి, "చెల్లెలు అడిగితే నేను మాట తప్పినానని మాత్రం అనొద్దమ్మా" అన్నాడు. నేను మాత్రం చెల్లెలికి అదే చెప్పాను. ముసలాయన మోసం చేసినాడే అని.

ఆ తర్వాత రోడ్డు పక్కన జాగాల ధరలు మనం తలెత్తి చూడలేనంతగా పెరిగాయి. దినారు కూడా చివరికి రెండొందల యాభై దాటింది. దానికి చాలా ఏళ్ళు పట్టింది. అప్పటికి పాప పదో తరగతి పరీక్షలు రాస్తా ఉండె. ఆ డబ్బుకు ఆ రోడ్డు మీద మంచం వేసుకునేంత చోటు కూడా రాదు. చెల్లెలు వీసా మీద వీసా పొడిగించుకుంటూ అక్కడే ఉండిపోయింది.

ఈ ఏడు సెలవుకు వచ్చింది. ఒక పొద్దున ఇద్దరం బస్సులో రాప్తాడు మీదుగా పోతున్నాం. టైర్ల దుకాణం కనబడేసరికి ఇక దాచలేకపోయాను. ముసలాయన తప్పేమీ లేదనీ, అంతా నా పొగరేననీ చెప్పేశాను. ఏడుస్తుందనుకున్నాను, తిడుతుందనుకున్నాను.

"తెలుసులేక్కా" అనింది. "ఆ పొద్దు దుడ్లు పంపే ఫారం రాసి చేతిలో పెట్టుకునే నీకు ఫోన్ చేసినా. వెనక వరసలో మన కంబదూరు ఊరామె ఉండె. 'ఇచ్చేయ్ మే, ఇంక ఎవర్ని అడిగేది' అని తిట్టింది కూడా."

"మరి నాకు ఎదురు చెప్పొచ్చు కదే!"

"నీకు ఎవరు ఎదురు చెప్పినారక్కా ఇంతవరకూ?"

నవ్వుతూనే అనింది.

సెలవు అయిపోయే ముందు, బట్టలు సర్దుతూ మళ్ళీ నన్నే అడిగింది. "ఇంకో రెండేండ్లకు రమ్మంటాండారు. పోవాల్నా, వద్దా? నువ్వేమంటావక్కా?"

వద్దని చెప్పడానికి నా దగ్గర వంద కారణాలున్నాయి. దాని మోకాళ్ళు, దాని వయసు, డిగ్రీలో చేరిన పాప, ఖాళీగా ఉన్న మా ముందు గది. అన్నీ నాలుక చివరిదాకా వచ్చాయి. ఒకసారి దాని బతుకు మీద నా మాట రుద్దింది చాలనుకున్నాను.

"నీ ఇష్టం" అన్నాను.

అది తలూపి, చీర మడత పెట్టడంలో పడిపోయింది. వారం తిరక్కుండానే కువైట్ విమానానికని బెంగళూరు బస్సెక్కింది.

బస్టాండు నుంచి పాపా నేనూ ఆటోలో ఇంటికొస్తున్నాం. వీధి మలుపులో పాప ఉన్నట్టుండి అడిగింది.

"నువ్వు పోవద్దంటే ఆగిపోదామని అమ్మ కాచుకోనుండె పెద్దమ్మా. ఊళ్ళో అందరితో కొట్లాడతావే, అమ్మతో ఎందుకు కొట్లాడలేదు?"