ఇల్లెవరి పేరు మీదుంది?

ఫిబ్రవరి వస్తే మా బడిలో పిల్లల కంటే పంతుళ్లకే భయం ఎక్కువ. ఆ నెల జీతం బిల్లుతో పాటు ఆదాయపు పన్ను ఫారం పెట్టాలి. ఏడాది పన్నులో మిగిలిందంతా ఆ ఒక్క జీతంలోంచే కోస్తారు. ఫారాలు నింపేది లెక్కల సారు. ఫీజు రెండు మిరపకాయ బజ్జీలు, ఒక టీ.

ఉద్యోగంలో చేరిన నాలుగో ఏడు నేను బజ్జీల పొట్లంతో చాలా ధీమాగా ఆయన ముందు కూర్చున్నాను. మార్కాపురం శివార్లలో అప్పుడే ఇల్లు కట్టుకున్నాం. గృహరుణానికి కట్టే వడ్డీకి పన్నులో మినహాయింపు ఉంటుందని విని, బ్యాంకు నుంచి వడ్డీ సర్టిఫికెట్ తెచ్చాను. నా పదో తరగతి మార్కుల లిస్టుకు కూడా అంత మర్యాద చెయ్యలేదు, ఈ కాగితాన్ని మడత పడకుండా ఫైల్లో పెట్టాను.

సారు కాగితం చూసి బజ్జీ కొరికారు.

"ఇల్లెవరి పేరు మీదుంది?"

"మా అమ్మ పేరు మీద సార్. ఈఎంఐ కట్టేది మాత్రం నేనే."

"కడితే కట్టినావులే. ఇంట్లో వాటా లేనోడికి వడ్డీ మినహాయింపు రాదు. పన్నోళ్ల లెక్కలో నువ్వు ఆ ఇంటికి చుట్టానివి అబ్బాయ్."

రెండో బజ్జీ కూడా తిన్నారు. ఫీజులో మినహాయింపు లేదు.

ఉపాయం మాత్రం చెప్పారు. బ్యాంకు ఒప్పుకోలు తీసుకుని, సగం ఇల్లు నా పేరున గిఫ్టు రాయించుకోవాలి. ఈ ఏడు పోయినా వచ్చే ఏటికి పనికొస్తుంది.

ఆ స్థలం అమ్మ కొన్నది. పలకల ఫ్యాక్టరీలో చెక్క ఫ్రేములు బిగించిన కూలితో చీటీ కట్టి కొన్నది. రిజిస్ట్రేషనుకు వేలిముద్ర చాలన్నా వినకుండా, పగిలిన పలకలు ఇంటికి తెచ్చుకుని నెల రోజులు పేరు రాయడం నేర్చుకుంది. నా మొదటి విద్యార్థిని ఆమే. అప్పటికి నాది ఆరో తరగతి. అసలు దస్తావేజు ఇప్పుడు బ్యాంకులో ఉంది. దాని జిరాక్సు అమ్మ బైబిల్లో ఉంటుంది.

విషయం చెబితే అమ్మ కన్నీళ్లేమీ పెట్టుకోలేదు.

"సగం రాసిస్తే నీ జీతం కోత తప్పుతాదా?"

"తప్పుతాది మా."

"అయితే పోదాం పా."

నాయన మంచం మీంచి లేచాడు. "సగమంటే ఏ సగం? బాత్రూం ఎవురికి వస్తాది? ముందే చెప్పండి, నేనెవుర్ని అడగాల?"

బ్యాంకు ఒప్పుకునేలోపు కాగితం రాయించి పెట్టుకుందామని, మర్నాడు రిజిస్ట్రారు ఆఫీసు ముందు దస్తావేజులు రాసే పెద్దాయన దగ్గరకు పోయాం. అమ్మ బైబిల్లోంచి జిరాక్సు తీసి, తన పేరున్న చోట వేలు పెట్టి చూపించింది.

"ఇది ఇంక చెల్లదా అన్నా?"

"ఎందుకు చెల్లదు చెల్లెమ్మా? సగానికి చెల్లుతాది."

అమ్మ వేలు తియ్యలేదు. అలాగే అడిగింది. "కొత్త దాంట్లో ఎవురి పేరు ముందుంటాది?"

"ఏది ముందుంటే ఏందిలే, ఉండేది మీరే గదా."

అమ్మ జిరాక్సును పాత మడతల్లోనే మడిచి, ఆయన ముందు పెట్టింది.

"ఆధార్ మర్చిపోయినాను, ఇంకోసారి వస్తాం" అని లేచాను. త్యాగం అనుకోకండి. స్టాంపు ఖర్చులు కూడా విన్నాను.

ఆటోలో అమ్మ నా చొక్కా జేబు వైపు చూసింది. "ఆధార్ కార్డు జేబులోనే ఉంది గదరా, కనపడతాంది."

"అది జిరాక్సు మా."

"ఊఁ" అంది. బైబిలును రెండు చేతులతో ఒళ్లో పట్టుకుని కూర్చుంది.

ఆ నెల జీతంలో కోత పడింది. పస్తులేమీ ఉండలేదు, బజ్జీలు తగ్గించాను. అది లెక్కల సారుకు బాధ కలిగించినట్టుంది. ఒకరోజు ఆయనే పిలిచారు.

"రాయించుకోలేదంట గదా? మంచిదే అయింది. ఇల్లు మొత్తం మీ అమ్మదే గాబట్టి ఆమెకు అద్దె కట్టు. జీతంలో వచ్చే ఇంటద్దె అలవెన్సు మీద మినహాయింపు అడగొచ్చు. కానీ నిజంగా ఇయ్యాల, రసీదు తీసుకోవాల."

అమ్మకు చెబితే నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. "ఒకటో తారీకుకే ఇయ్యాల" అంది.

"మరి నేను?" అన్నాడు నాయన.

"నిన్ను అడ్వాన్సు లేకుండా రానిచ్చినాను. గమ్మునుండు."

అప్పటినుంచి నెలనెలా రసీదు. అమ్మ కళ్లజోడు పెట్టుకుని, రెవెన్యూ స్టాంపు మీద ఒక్కో అక్షరం దింపుతుంది. పేరు స్టాంపు దాటి కాగితం మీదకు పోతుంది. గోడకు మేకు కొట్టాలంటే నేను అనుమతి అడగాలి.

ఈమధ్య నేను కొత్త పన్ను పద్ధతికి మారాను. అందులో సొంతింటి వడ్డీకీ మినహాయింపు లేదు, కట్టే అద్దెకూ లేదు. ఆ రోజు సగం ఇల్లు రాయించుకుని ఉన్నా ఇప్పుడు ఒరిగేదేమీ లేదు. నాకిక రసీదుతోనూ పని లేదు. ఆ సంగతి అమ్మకు చెప్పలేదు.

మొన్న ఒకటో తారీకు ఆదివారం పడింది. అమ్మ చర్చి నుంచి రాగానే రసీదు పుస్తకం, పెన్ను ముందు పెట్టుకుని కూర్చుంది. అద్దె ఇచ్చాను. రెండుసార్లు లెక్కపెట్టుకుంది.

"స్టాంపేదిరా?"

"అయిపోయినాయి మా. ఈసారికి ఊరికే పెట్టు."

అమ్మ పెన్ను మూత పెట్టేసింది.

"పోయి తెచ్చుకో. స్టాంపు లేకుండా సంతకం పెట్టేదాన్ని గాదు నేను."