మెట్లున్న ఎర్ర ఇల్లు

ఒక్క పూటలో నాలుగు పటాలు పోగొట్టుకున్నాను: భీమిలి, మచిలీపట్నం, పులికాట్, తరంగంబాడి. పాత రేవుపట్టణాలను వీధులతో, ఓడలతో బొమ్మలుగా గీసిన ఇలాంటి పటాలు సేకరించడం నా సరదా. పని అయ్యాక ఫ్రేములు కట్టిద్దామని, ఆర్మూరులో నేను లెక్కలు రాసే పసుపు అడ్తి దుకాణానికి తెచ్చాను. హమాలీ రాజన్న వాటిలో శాంపిల్ పసుపు కొమ్ములు పొట్లాలు కట్టి వ్యాపారులకు పంచేశాడు.

"కాయితం మస్తు గట్టిగున్నది సార్, గందుకే కట్టిన," అన్నాడు.

వెతికితే మూడు దొరికాయి. నాలుగోది, భీమిలి పటం, ఆ ఊరి నుంచే వచ్చిన వ్యాపారి చేతిలో ఉంది. ఆయన కళ్లు తడిగా ఉన్నాయి.

"ఈ మెట్లున్న ఎర్రిల్లు మా అమ్మ పుట్టిల్లండీ. తుఫానుకి పోయింది, ఫొటో కూడా లేదు. ఆవిడకి చూపించి తెస్తాను."

నా చేతిలోని మూడు పటాల్లోనూ అదే ఎర్ర ఇల్లు, అవే మెట్లు. చిత్రకారుడు ఖాళీ ఉన్నచోటల్లా ఒకే బొమ్మ గీశాడు. చెప్పాలో వద్దో తేల్చుకోలేక తలూపాను.

ఇప్పటికీ తేలలేదు. ఒక పటం ఇంకా రావాలి.