గోరుమేస్త్రి చూపుడువేలు

ఇంజను పనివారి వీధిలో ఆయన అసలు పేరు వాడుక తప్పి చాలాకాలమైంది. అందరికీ ఆయన గోరుమేస్త్రి. సిలిండరు బ్లాకు పైతలాన్నీ, దానిమీద కూర్చునే హెడ్డు అడుగుతలాన్నీ కుడిచేతి చూపుడువేలి గోటితో అడ్డంగా ఒక్కసారి గీచి చూచి, నునుపు చాలునో చాలదో తేల్చడం ఆయన పద్ధతి. గోరు ఎక్కడైనా తట్టుకొన్నదా, ఆ భాగం మళ్లీ గ్రైండింగుకు పోవలసిందే. తట్టుకొనకపోతే మేస్త్రి "ఊఁ" అంటారు. ముప్పదియొక్క సంవత్సరాలుగా ఆ వీధిలో ఆ ఊఁకారానికి ఎదురు లేదు.

ఆ మంగళవారం ఆయన ఊఁ అన్నది స్వయానా తన మేనకోడలి కారు ఇంజను మీద. ఆమెకు వృత్తి దంతవైద్యం. పిచ్చి మాత్రం పందెపు బాట మీద కారు నడపడం. ఈసారి ఇంజనుకు టర్బో బిగించాలని పట్టుబట్టింది. గాలిని బలవంతంగా లోపలికి తోసే ఆ పరికరం మూలంగా సిలిండరులో పీడనం విపరీతంగా పెరిగి, హెడ్డును పైకి లేపజూస్తుంది. హెడ్డుకూ బ్లాకుకూ నడుమ పలుచగా పరచుకొని, మంటను మంటచోట, నీటిని నీటిచోట ఆపి ఉంచవలసింది గ్యాస్కెట్టు. దానిలో మెత్తరకం ఉంది. అది గరుకుతలంతో సర్దుకుపోతుంది గాని అధికపీడనానికి ఓర్వదు. ఉక్కురేకుల రకం ఎంత పీడనానికైనా ఓర్చుకొంటుంది గాని తలం అద్దంలా లేకపోతే అతకదు. బ్లాకును గరుకుకాగితంతో స్వయంగా శుభ్రం చేసిన మేస్త్రి గోటితో గీచి చూచారు. ఏమీ తట్టుకోలేదు. ఉక్కురకాన్ని ఎంచి బిగించారు. పందెం శనివారం.

గురువారం మధ్యాహ్నం భోజనానికి ఇంటికి పోయి, పొయ్యిమీది గిన్నె మూతను ఉత్తచేతితో తీశారు.

"అయ్యో, వదలండి! గుడ్డ పట్టుకోకూడదూ?" అని భార్య కేకవేసింది.

"ఎందుకే ఆ అరుపు? అంత వేడిగా ఏం లేదుగా."

"లేదా? మీ వేలు చూసుకోండి!"

వేలికొన తెల్లబడి పొక్కు లేస్తున్నది. మేస్త్రి దానిని పరాయివాని వేలిని చూచినట్లు చూచారు.

"ఆ తిమ్మిర్ల సంగతి డాక్టరుకి చూపించమని ఎన్నాళ్ల నుంచి మొత్తుకుంటున్నాను? అదిరే మిషన్లు పట్టుకుని పట్టుకుని చెయ్యి కాస్తా కొయ్యముక్క అయింది," అని ఆమె సణుగుతూనే చన్నీళ్లు తెచ్చింది.

తక్కిన మాటలు ఆయన చెవికెక్కలేదు. మంగళవారం గోరు తట్టుకోకపోవడం తలం నునుపు వల్లనా, వేలు మొద్దుబారినందువల్లనా? ఆ పూట అన్నం కలిపినది కలిపినట్లే కంచంలో ఉండిపోయింది.

షెడ్డుకు తిరిగి వచ్చి, ఇంజను విప్పకుండా చేయగల పరీక్షలన్నీ చేశారు. ఒక్కొక్క సిలిండరులోకి గాలి ఎక్కించారు. మీటరు ముల్లు కిందికి దిగలేదు. ఇంజను నడిపి నీళ్లడబ్బా మూత తీసి చూచారు; ఒక్క బుడగ లేదు. అంతా సక్రమంగా ఉన్నది. ఆయనకు చెమటలు పోసినది అందుకే. తలం గరుకుగా ఉంటే ఆ లోపం, కదలక నిలిచి ఉన్న బండిలో బయటపడేది కాదు. నిండువేగంతో, నిండుపీడనంతో, ఇంజను కాగిపోయి ఉన్న తరుణంలో హెడ్డు వెంట్రుకవాసి లేస్తుంది. మంట నీటిదారిలో దూరుతుంది. మరిగే నీరు చక్రాల కిందికి చిమ్ముతుంది. ఆ బాటలో రెండో మలుపు గోడకు ఎంత దగ్గరో ఆయన ఎరుగుదురు. చక్రం పట్టుకొని ఉండేది చెల్లెలి ఏకైక సంతానం.

విప్పితే సందేహం తీరుతుంది. కాని ఒకసారి బిగిసి అణగిన ఉక్కురేకులు మళ్లీ పనికిరావు. మరొకటి రావడానికి వారం పడుతుంది. ఎందుకు విప్పారని అడిగితే? బోల్టులు నాసిరకమని చెప్పవచ్చును. ఆ అబద్ధానికి ఆయన తెల్లవారేవరకు మెరుగులు దిద్దుకొన్నారు.

శుక్రవారం ఉదయమే మేనకోడలు హెల్మెట్టు చంకన పెట్టుకొని వచ్చింది.

"ఏంటి మామయ్యా అలా ఉన్నావ్? పన్ను పీకించుకోడానికి నా దగ్గరికి వచ్చేవాళ్ల మొహంలా ఉంది నీ మొహం."

"బండి ఇవ్వను అమ్మలూ. విప్పాలి."

"జోకులొద్దు. పందెం రేపు! మొన్న నువ్వేగా అంతా బాగుందన్నావ్?"

బోల్టుల మాట నాలుకచివరి దాకా వచ్చింది. ఆయన దానిని మింగివేసి, చేయి చాచి, కళ్లు మూసుకొన్నారు.

"ఆ సన్నతీగ తీసుకుని ఈ వేలు గుచ్చు."

ఆమె పొక్కును చూచింది, నవ్వు మానింది. తీగమొనతో పొక్కుకు ఎడంగా రెండుచోట్ల నొక్కింది.

"ఊఁ, గుచ్చవే," అన్నారు మేస్త్రి.

"రెండుసార్లు గుచ్చాను మామయ్యా." తీగను పక్కన పెట్టి అడిగింది, "ఎప్పట్నుంచి ఇలా?"

"తెలియదు తల్లీ. తెలిస్తే మంగళవారం నోరు విప్పేవాణ్ణా?"

మధ్యాహ్నానికి హెడ్డు దింపారు. మేస్త్రి బ్లాకును తుడిచి పక్కకు తప్పుకొన్నారు. ఆమె గోరు ఒకటో సిలిండరు దాటింది, రెండోదాని అంచు దాటింది, రెండుకూ మూడుకూ నడుమ టక్కున ఆగింది.

"ఇక్కడ. పుచ్చుపన్ను మీద సూది ఆగినట్టు ఆగింది."

మేస్త్రి స్టూలు మీద కూలబడ్డారు.  ఆమె బల్ల మీద ఉన్న మెత్తరకం గ్యాస్కెట్టును చేతిలోకి తీసుకొన్నది.

"గరుకుంటే ఇది సర్దుకుంటుందిగా? వేసేయ్ మామయ్యా. సాయంత్రానికి అయిపోతుంది. టర్బో ఒత్తిడి తగ్గించి నడుపుతాను."

చెప్పినమాట తప్పేమీ కాదు. ఒత్తిడి సగానికి తగ్గిస్తే అది ఆగుతుంది.  ఒప్పుకొంటే మాట దక్కుతుంది, పందెమూ దక్కుతుంది.

"స్టీరింగు పక్కనే ఒత్తిడి పెంచే మీట పెట్టించుకున్నావు. ప్రతి పందెంలోనూ నీతో పోటీపడే ఆ నీలంకారు వాడు నిన్ను దాటిపోతుంటే దాని జోలికి పోవా?"

"పోను."

"నా వంక చూసి చెప్పు."

ఆమె చూడలేదు. గ్యాస్కెట్టును బల్ల మీద పెట్టింది.

"నీ వేలి సంగతి నువ్వు చెప్పాక నేను అబద్ధమాడితే బాగుండదు. పెంచేస్తాను మామయ్యా. వాడు కనబడితే నా చెయ్యి నా మాట వినదు."

"అయితే రేపు పందెం లేదు."

"లేదు," అని ఆమె గోడవైపు తిరిగి, పందెం నిర్వాహకులకు ఫోను చేసింది.  తిరిగి వచ్చేసరికి మేస్త్రి చేతిలో సుద్దముక్క ఉన్నది.

"గ్రైండింగుకు పంపేముందు ఆ పల్లం ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో గీత గియ్యి. నాకు కనబడట్లేదు, వేలికి తెలియట్లేదు."

ఆమె బ్లాకు మీదికి వంగింది. గోరు కదిలిన దారివెంటే ఆయన చూపు కదిలింది.

"ఇంకాస్త నెమ్మదిగా," అన్నారు.