బిసాహిన్ బాయి పాలు, నా టించరు చుక్క

పాలలో పిండి కలుపుతున్నారన్న కబురు మా ఇంటికి మొదట మోసుకొచ్చింది పక్కింటి సన్యాసమ్మ పిన్ని. మొన్న మా చిన్నది మోకాలు చీరుకుని వస్తే మందుల డబ్బాలోంచి టించరు అయొడిన్ సీసా తీసి మూత విప్పాను. ఆ ఘాటైన వాసన తగిలిందో లేదో, దాని ఏడుపు కన్నా ముందు, ముప్పై ఏళ్ళ కిందటి పిన్ని గొంతు నా చెవిలో పడింది.

భిలాయి సెక్టర్ 7లో, వరసగా ఎనిమిది ఇళ్ళున్న క్వార్టర్ల లైను మాది. నాన్న శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఉక్కు ప్లాంటు కోక్ ఓవెన్స్‌లో కుదురుకున్నారు. తెల్లవారి ప్లాంటు సైరన్ భోంపూ మోగగానే సైకిళ్ళ గంటలు వీధి నిండా పారడం, అమ్మ ఎంత కడిగినా సాయంత్రానికి తులసి ఆకుల మీద మళ్ళీ సన్నటి ఎర్రదుమ్ము వాలడం, హరేలీ పండగకి చుట్టుపక్కల పల్లెల పిల్లలు వెదురు గెడల మీద నిలబడి కిర్రుకిర్రుమంటూ నడవడం, ఇవన్నీ నేను చాలావరకు కిటికీ చువ్వల్లోంచి చూసినవే. ఏడో తరగతిలో కీళ్ళ జ్వరం వచ్చి గుండె మీదకి పోయింది. మూడు వారాలకో ఇంజెక్షను, మెట్లెక్కకూడదు, పరుగెత్తకూడదు అన్నారు. బడి ఆగిపోయింది. తోటి పిల్లలు ఏడుపెంకులాట ఆడుతుంటే వరండాలో కూర్చుని, ఎవరు ఔటో చెప్పే పని నాది. దానికీ దేవుడికి దణ్ణమే పెట్టుకుంటాను. ఆ జ్వరం రాకపోతే సుగుణ ఆంటీ నాకు దొరికేది కాదు.

తెలుగు, లెక్కలు అమ్మ చెప్పేది. రసాయనశాస్త్రం దగ్గరికి వచ్చేసరికి పుస్తకం మూసి, "ఇది నా వల్ల కాదే, సుగుణమ్మ గారిని అడుగుదాం" అంది. ఆవిడ మా వెనక లైనులో చివరి ఇంటావిడ, కృష్ణా జిల్లా నుంచి వచ్చిన క్రైస్తవులు. ప్లాంటు ల్యాబులో పని. చూపుడువేలు, బొటనవేలు కొసల్లో ఎప్పుడూ గోరింటాకు వెలిసిపోయినట్టు గోధుమరంగు మరకలుండేవి, పర్మాంగనేటువి. ఆదివారం చర్చి నుంచి వచ్చి, తెల్లచీర మార్చుకోకుండానే మా వరండాలో పీట వేసుకుని కూర్చునేది. నందిని గనుల నుంచి వ్యాగన్లలో వచ్చే సున్నపురాయిని వాళ్ళు పొడికొట్టి ఆసిడ్‌లో కరిగిస్తారట. కరగకుండా అడుగున మిగిలిన ఇసుకని కాల్చి తూస్తారట. అది ఎక్కువైతే కొలిమిలో ఇనుము మీద తేలే చిట్టెం పెరుగుతుంది కనక, ఆవిడ కాగితం మీద అంకె వేసేదాకా అక్కడ ఎవరో ఒకరు ఎదురుచూస్తూనే ఉంటారట. ఇదంతా చెబుతూ ఓ రాయిముక్క మీద నిమ్మచెక్క పిండితే, సన్నటి నురుగు చిటచిటలాడేది. పసుపులో సున్నం కలిస్తే ఎరుపెక్కడం, మందారపూల రసం చింతపండు నీళ్ళలో రంగు మారడం, అన్నీ మా వంటింట్లోవే. ఆవిడ చెప్పాక అవన్నీ కొత్తగా కనిపించేవి.

ఆలుగడ్డ ముక్క మీద టించరు చుక్క వేస్తే నల్లనీలం అవుతుందని, పిండిపదార్థం ఉందనడానికి అదే గుర్తని నేర్పిన వారం నేను ఇంట్లో దేన్నీ వదల్లేదు. అన్నం, అటుకులు, అప్పడం, చివరికి అమ్మ పౌడరు కూడా. సరిగ్గా ఆ వారమే పిన్ని వచ్చింది.

"ఇన్నావా అప్పా, పాలల్లో పిండి కలిపేత్తన్నారట. మార్కెట్టంతా అదే గోల."

"మన బాయి అలాటిది కాదే," అంది అమ్మ.

"మొగం మీద రాసుంటాదేటి?"

మన బాయి అంటే బిసాహిన్ బాయి. మరోదా అవతలి బస్తీ నుంచి నెత్తి మీద తుండుగుడ్డ చుట్ట, దాని మీద ఇత్తడి బిందెతో రోజూ రెండుపూటలా వచ్చి, మా లైనులో ఎనిమిది ఇళ్ళకీ పాలు పోసే ఛత్తీస్‌గఢీ మనిషి. మోచేతుల దాకా పచ్చబొట్లు, కాళ్ళకి బరువైన కడియాలు. నన్ను 'నోనీ' అని పిలిచేది. వాళ్ళ మాటలో చిట్టితల్లీ అన్నట్టు. పోలా పండగకి ఆకులో చుట్టి ఠేఠ్రీలు తెచ్చి నా ఒడిలో పెట్టేది, వాముతో చేసిన మన జంతికల లాంటివే అవి.

"నేను చెప్తాను పిన్నీ, పిండి ఉందో లేదో," అన్నాను. పదమూడేళ్ళ దాన్ని, వీధిలో ఎవరికీ తెలియనిది నాకు తెలుసు. సాయంత్రం అమ్మ వడగట్టి ఉంచిన పాలు గ్లాసులో పోసి, పిన్ని చూస్తుండగా చుక్క వేశాను. పసుపుగా విచ్చుకుని వెలిసిపోవాలి. అలా కాలేదు. బూడిదరంగుతో కలిసిన నీలం, గ్లాసు అడుగుదాకా పాకింది.

పిన్ని కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, ఆ గ్లాసు పట్టుకునే వెళ్ళిపోయింది. మర్నాడు పొద్దున ఎనిమిది ఇళ్ళకి ఎనిమిదీ తలుపు సగమే తీసి, "ఆజ్ నహీ చాహియే", ఈరోజు వద్దు, అన్నాయి. మా అమ్మ కూడా. "కా హోగే బాయి?" అని ఆమె అడుగుతూనే ఉంది, ఏమైందని. ఎవరూ చెప్పలేదు. నిండుబిందె నెత్తిన పెట్టుకుని లైను చివరిదాకా నడిచి మలుపు తిరిగింది. మూడో రోజు నుంచి రాలేదు. నేను మాత్రం కిటికీలో కూర్చుని, ఎంత పెద్ద పని చేశానో అనుకుంటున్నాను.

తర్వాతి ఆదివారం సుగుణ ఆంటీ అంతా విని, మెచ్చుకోలేదు. "బ్లాంక్ చేశావా?" అని అడిగింది.

"అంటే ఏంటాంటీ?"

"పాలు లేకుండా, తక్కినవన్నీ అలాగే చేసి చూడటం. మన గిన్నె, మన నీళ్ళు, మన చెయ్యి ఎంత కలుపుతున్నాయో ముందు మనకి తెలియొద్దూ? పాలు ఎందులోంచి వడగట్టారమ్మా?"

నాన్న పాత పంచె చింపి చేసిన గుడ్డలు రెండుండేవి. అమ్మ శనివారం శనివారం నాన్న పంచెలతో పాటు వాటినీ గంజిలో ముంచి తీసేది. మా వైపు ఆడవాళ్ళకి గంజి పెట్టని నూలుగుడ్డ కంటికి ఆనదు. గూట్లో అప్పడంలా బిర్రుగా ఉన్న గుడ్డని ఆంటీ వేళ్ళ మధ్య నలిపి చూసి, కాచిన నీళ్ళు అందులోంచి గ్లాసులోకి వడగట్టి, సీసా నా చేతికిచ్చింది.

చుక్క వేశాను. నీళ్ళు నీలమయ్యాయి.

అమ్మ గుమ్మంలో గోడకి ఆనుకుని, "ఓలమ్మ, నా గంజేనేటి," అంది నెమ్మదిగా.

ఆంటీ నన్ను తిట్టలేదు. ల్యాబులో తప్పు అంకె పడితే చెరిపేయడం ఉండదట. దాని మీద ఒకే ఒక గీత గీసి, పక్కన సరైనది రాసి, కింద సంతకం పెట్టాలట. "ఆ కాగితం ఎవరు తప్పు రాశారో వాళ్ళే పట్టుకెళ్ళి కొలిమి దగ్గర ఇవ్వాలి. ఫోనులో చెప్తే మేం ఒప్పుకోం," అని లేచి వెళ్ళింది.

ఆ సాయంత్రం గుడ్డ, గ్లాసు, సీసా పట్టుకుని, ఇంటింటికీ మధ్య గట్టు మీద కూర్చుని ఊపిరి తీసుకుంటూ, మా లైనంతా తిరిగాను. ప్రతి వంటింట్లోనూ నీళ్ళని నీలం చేసి చూపించాను. సన్యాసమ్మ పిన్ని గ్లాసుని అటూ ఇటూ తిప్పి చూసి, "మొత్తానికి పాలల్లో పిండి కలిపేసింది మీ నాన్న పంచేనంటావేటి," అని నవ్వి, నా తల నిమిరింది. ఇద్దరు ముగ్గురు మాత్రం నవ్వలేదు. "నిప్పు లేందే పొగ వస్తుందా" అన్నట్టు చూసి తలుపు వేసుకున్నారు.

నాన్న వీక్లీ ఆఫ్ రోజున నన్ను సైకిలు మీద కూర్చోబెట్టుకుని మరోదా అవతలికి తీసుకెళ్ళారు. పేడతో అలికిన వాకిలి, గేదె, దాని పక్కన దూడ. అమ్ముడుపోని పాలని నాలుగు రోజులు కాచి కోవా చేసిందట, తర్వాత చుట్టుపక్కల పిల్లలకి పోసేసిందట. నాన్న హిందీలో జరిగింది చెబుతుంటే తల వంచుకుని గడ్డి సర్దుతూ వింది. నేను గుడ్డతో ఒకసారి, గుడ్డ లేకుండా ఆమె పాలతో ఒకసారి, చుక్క వేసి చూపించాను. ఆమె పాలు పసుపుగా విచ్చుకుని, తెల్లబడిపోయాయి.

బిసాహిన్ బాయి గ్లాసుని వెలుతురుకి ఎత్తి చూసింది. "పానీ మిలాథన్ నోనీ, పిసాన్ నఇ," అంది. నీళ్ళైతే కలుపుతాను గానీ పిండి కలపలేదు తల్లీ అని. నాన్న ఆపుకోలేక నవ్వేశారు, ఆమె కూడా నవ్వింది. నాకే ఏడుపొచ్చింది. ఎండలో అంత దూరం వచ్చానని కొంగుతో నా మొహం తుడిచి, వేడిపాలు తాగేదాకా కదలనివ్వలేదు.

ఎనిమిది ఇళ్ళలో ఐదు తిరిగి ఆమె దగ్గర పాలు పోయించుకున్నాయి. మిగిలిన మూడు ఎన్నటికీ పోయించుకోలేదు. ఆ మూడు గుమ్మాల ముందు నుంచి ఆమె రోజూ తల తిప్పకుండా నడిచి వెళ్ళడం, నేను ప్రైవేటుగా పదో తరగతి కట్టి ప్యాసయ్యేదాకా కిటికీలోంచి చూశాను. రిజల్టు వచ్చిన వారం గేదె ఈనితే ముర్రుపాలు చెంబుతో తెచ్చి, అమ్మ బెల్లమూ మిరియాలూ వేసి జున్ను వండేదాకా గుమ్మంలోనే కూర్చుంది.

ఇప్పుడు మా లైనులో సగం ఇళ్ళకి తాళాలు, తక్కిన సగంలో ముఖం తెలియనివాళ్ళు. పాలు ప్యాకెట్లలో వస్తాయి. ఏ ఊరి గేదెవో, ఏ చేతులు పిండినవో తెలియదు. సుగుణ ఆంటీ రిటైరై వాళ్ళ ఊరు వెళ్ళిపోయింది. ఆవిడ చలవ వల్ల నేను చదువుకున్నాను, పిల్లలకి చదువు చెప్పుకుంటున్నాను. ఆవిడకి రుణపడ్డవాళ్ళం చాలామందిమి ఉన్నాం, తలుచుకుంటూనే ఉంటాం. మరోదా అవతల బస్తీకి రెండుసార్లు వెళ్ళి అడిగాను, ఆ వాకిలి ఉన్నచోట పక్కా ఇళ్ళు లేచాయి, పాలమనిషిని ఎరిగినవాళ్ళు లేరు. సాయంత్రం దీపం పెట్టి అప్పన్న స్వామికి మా ఇంటివాళ్ళ పేర్లు చెప్పుకునేటప్పుడు ఆమె పేరూ చెబుతాను. కానీ నేనొక్కదాన్ని చెబితే చాలదనిపిస్తుంది. ఆమె మీద నింద వేసినప్పుడు ఎనిమిది ఇళ్ళూ విన్నాయి, దిద్దినప్పుడు ఐదిళ్ళే విన్నాయి. అందుకే ఇది చదివిన మీ ఇళ్ళని కూడా అడుగుతున్నాను. ఆమె పేరు బిసాహిన్ బాయి. ఆమె పాలలో పిండి లేదు. దయచేసి గుర్తుంచుకోండి.