మిరప కల్లంలో నేర్చుకున్న ఉపన్యాసం

మా సోషల్ టీచర్ గారు పోయారు. నందిగామలో మా కాలేజీ స్టాఫ్ రూములో ఫోన్ మోగితే నేనే తీశాను. అవతల పెనుగంచిప్రోలు నుంచి వాళ్ళ చర్చి పాస్టరు గారు. "టీచరమ్మ గారు తెల్లవారుజామున ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయారమ్మా" అన్నారు. "అలాగేనండి" అన్నాను. చావు కబురు చెబితే అలాగేనండి అంటారా ఎవరైనా! మైకు దొరికితే వదలదని పేరున్నదాన్ని, ఆ ఒక్క మాటతోనే ఫోన్ పెట్టేశాను.

ఆ పేరు రావడానికి కారణం ఆవిడే. తొంభైల్లో జగ్గయ్యపేట హైస్కూల్లో నేను తొమ్మిదో తరగతి. ఆవిడ రోజూ పెనుగంచిప్రోలు నుంచి ఆటోలో వచ్చేవారు. నూలు చీర, చెంగు ఎప్పుడూ నడుముకి దోపుకుని ఉండేది. హ్యాండ్‌బ్యాగులో పటికబెల్లం ముక్కలుండేవి. స్టేజీ ఎక్కబోయే పిల్లల నోట్లో ఒకటి పెట్టి, "ఇది కరిగేదాకా నోరు మూసుకుని ఎదురుగా ఎవరున్నారో చూడు" అనేవారు.

ఆ ఏడు మహిళా దినోత్సవానికి నందిగామలో వక్తృత్వ పోటీ పెట్టారు. విషయం మన ఇష్టం. నేను 'అణ్వాయుధాలు, ప్రపంచ శాంతి' అని ఎంచుకుని, మా అన్నయ్య చేత రాయించుకుని, గుక్క తిప్పుకోకుండా బట్టీ పట్టాను. టీచర్ గారు ఓపిగ్గా అంతా విన్నారు.

"ఎవరికి చెప్తున్నావే ఇదంతా?"

"జడ్జీలకండి."

"వాళ్ళు ముగ్గురేగా. మిగతావాళ్ళేం పాపం చేశారు?"

ఆ ఆదివారం ఆవిడ ప్రార్థన అయ్యాక నన్ను వాళ్ళ ఊరి మిరప కల్లానికి తీసుకెళ్ళారు. ఎర్రగా పరిచిన కాయల పక్కన, పాత చీరలు కట్టిన నీడలో ఆడవాళ్ళు కూర్చుని తెల్లబారి పాడైన తాలు కాయలు ఏరుతున్నారు. ఎంత ఏరితే అంత కూలి కాబట్టి ఆ చేతులు ఊరికే ఆగవు. "వీళ్ళ చేతులు ఆగాయంటే నీ మాట చేరినట్టు. కానీయ్" అన్నారు టీచర్ గారు.

నేను హిరోషిమా నుంచి అందుకున్నాను. ఒక్క చెయ్యి ఆగితే ఒట్టు. మధ్యలో ఒకావిడ తలెత్తకుండానే, "ఆ బాంబేదో మన మీద పడేట్టుంటే ముందే చెప్పమ్మాయ్, కాయల మీద పట్టా కప్పుకోవాలి" అంది. అందరూ ఘొల్లున నవ్వారు. నాకు ఏడుపొచ్చింది.

"ఆ కాగితం ఇలా ఇచ్చి, నిన్న మీ ఇంట్లో ఏం జరిగిందో చెప్పు" అన్నారు టీచర్ గారు.

ముక్కు ఎగబీలుస్తూనే చెప్పాను. వీధి కుళాయి దగ్గర బిందె వరస కోసం మా అమ్మా, పక్కింటావిడా జుట్లు పట్టుకునేంత పని చేశారు. సాయంత్రానికి వాళ్ళ పిల్లాడికి జ్వరమని తెలిసి, అమ్మ ఆవిణ్ణి తిడుతూనే గిన్నెడు పప్పుచారు పోసి నాతో పంపింది.

ఒక జత చేతులు ఆగాయి. "తీసుకుందా మరి?" అని అడిగింది ఇందాకటి బాంబు ఆవిడ.

"తీసుకుందండి. గిన్నె కడిగి, రెండు నిమ్మకాయలు వేసి ఇచ్చింది."

అప్పుడు కల్లంలో అందరి చేతులూ ఆగాయి. "చూశావా? ముందు ఎవరికి చెప్పాలో తేల్చుకో. ఏం చెప్పాలో వాళ్ళే చెప్తారు" అన్నారు టీచర్ గారు. ఆ కుళాయి కథకే నందిగామలో నాకు రెండో బహుమతి వచ్చింది.

ఆ బాంబు ఆవిడ టీచర్ గారి సొంత అక్క, ఊరంతా పెద్దమ్మ అని పిలిచేవారు. తల్లి పోయాక ఈ కాయల కూలితోనే చెల్లెల్ని టీచర్ ట్రైనింగ్ దాకా చదివించింది. ఆ మధ్యాహ్నం ఘాటుకి పెద్దమ్మ కళ్ళు ధారగా కారాయి. కారం చేతుల్తో కళ్ళు ముట్టుకోకూడదు కదా. "చెల్లీ" అని పిలిచి, చేతులు ఎడంగా పట్టుకుని, కళ్ళు మూసుకుని ముఖం పైకెత్తింది. టీచర్ గారు నాతో చెప్తున్న మాట అక్కడే ఆపేసి, నడుముకి దోపిన చెంగు లాగి మెల్లగా అద్దారు. చిన్నప్పటినుంచీ అంతేనట.

మొన్న వాళ్ళింటి ముందు షామియానా వేసి జ్ఞాపకార్థ కూడిక పెట్టారు. నన్ను మాట్లాడమన్నారు. 'ఆదర్శ ఉపాధ్యాయురాలు' అని రాసుకుని వెళ్ళాను. పాస్టరు గారు గేటు దగ్గరే ఆపి, "పెద్దమ్మ గారు ఇంతవరకూ కంటతడి పెట్టలేదమ్మా. ఎవరితోనూ మాట్లాడట్లేదు. మాకు భయంగా ఉంది" అన్నారు. పెద్దమ్మ అరుగు మీద గోనెపట్టా పరుచుకుని కాయలు ఏరుతోంది. ఎవరో బుట్ట తీయబోతే విసురుగా లాక్కుందట.

మైకు చేతికిచ్చారు. నోట్లో పటికబెల్లం లేదు, పెట్టే మనిషీ లేరు. కాసేపు నోరు మూసుకుని ఎదురుగా చూశాను. కుర్చీల నిండా జనమే, నాకు మాత్రం పెద్దమ్మే కనిపించింది. కాగితం మడిచేశాను.

"పెద్దమ్మా, నేను నీ కల్లం మీద బాంబు వెయ్యబోయిన పిల్లని. గుర్తుందా?"

జనం నవ్వారు. పెద్దమ్మ చేతులు ఆగలేదు. కుళాయి, పప్పుచారు, నిమ్మకాయలు అన్నీ చెప్పాను. ఆగలేదు.

"ఆ రోజు నన్ను ఆటో ఎక్కిస్తూ టీచర్ ఒక మాటన్నారు. నీకు తెలీదది. 'మా అక్క ఆ మంటలో చేతులు పెట్టి నన్ను మనిషిని చేసింది. తన కళ్ళు తుడవడం తప్ప నేనేం చేశానే తనకి?' అని రోడ్డు మీదే ఏడ్చేశారు పెద్దమ్మా."

మైకు పక్కన పెట్టేశాను.

పెద్దమ్మ చేతులు ఆగాయి. ఒళ్ళోంచి కాయలు జారి అరుగు మీద పడ్డాయి. కళ్ళలోంచి నీళ్ళు కారుతుంటే, చేతులు రెండూ ఎడంగా పట్టుకుని, కళ్ళు మూసుకుని, ముఖం పైకెత్తి అలాగే కూర్చుంది.